సన్హెరీబు దండయాత్రలు – యెరూషలేము విడుదల, యూదా పల్లెల దుఃఖము

ఉపోద్ఘాతము

కొన్ని సంవత్సరముల క్రితము కుందుర్పి ప్రాంతములోని ఒక చిన్న సంఘములో మేము రెండవ రాజుల గ్రంథము 19వ అధ్యాయము నుండి ప్రసంగించాము. అష్షూరు రాజైన సన్హెరీబు దేవుని దూషించుట, హిజ్కియా ఆ పత్రికను దేవుని మందిరములో పరచి ప్రార్థించుట, ఒక్క రాత్రిలో యెరూషలేము విడుదల పొందుట – ఇవే ఆనాటి ప్రసంగాంశములు. ఆరాధన ముగిసిన తరువాత ఒక పెద్దామె మా దగ్గరకు వచ్చి ఇలా అడిగింది: "అయ్యగారూ, పట్నం బతికింది, సరే. ముందుగా వాళ్లు పట్టుకున్న ఊర్లోళ్లు గూడా ప్రార్థన చేసుకున్నోళ్లే గదా? వాళ్ల మాటేమి?"

ఆ రోజు మేము ఆమెకు సరైన జవాబు చెప్పలేకపోయాము. ఏదో ఓదార్పు మాట చెప్పి పంపాము. అయితే ఆ ప్రశ్న మమ్మును విడువలేదు. ఆమె చదివినదల్లా 18వ అధ్యాయము 13వ వచనమే. యూదాలోని ప్రాకారములు గల పట్టణములన్నిటిని సన్హెరీబు పట్టుకున్నాడని అక్కడ స్పష్టముగా ఉన్నది. మనము ప్రసంగములలో ఆ వచనమును తొందరగా దాటి, రబ్షాకే మాటల దగ్గరకు వెళ్లిపోతాము.

ఈ వ్యాసములో సన్హెరీబు పరిపాలనను, అతని దండయాత్రలను, ముఖ్యముగా క్రీ.పూ. 701లో యూదామీదికి అతడు వచ్చిన సంగతిని, అష్షూరు శాసనముల ఆధారముతోను పురావస్తు పరిశోధనల ఆధారముతోను పరిశీలించి, ఆ పెద్దామె ప్రశ్నకు లేఖనమే ఏమి జవాబిస్తున్నదో చూద్దాము.

1. రాజు – రాజ్యము

సన్హెరీబు క్రీ.పూ. 705 నుండి 681 వరకు అష్షూరును ఏలాడు. అక్కదు భాషలో అతని పేరు సీన్-అహ్హే-ఎరీబ. చంద్రదేవుడైన సీను సోదరులకు బదులుగా ఇచ్చాడని దాని భావము. అతనికి ముందు పుట్టిన అన్నలు చనిపోయి ఉంటారని ఈ పేరునుబట్టి పండితులు ఊహిస్తున్నారు.

అతని తండ్రి యెషయా 20:1లో మనము చూచే సర్గోను. క్రీ.పూ. 705లో నేటి టర్కీ దేశములో ఉన్న తబాలు ప్రాంతములో యుద్ధము చేస్తూ సర్గోను చనిపోయాడు. శవము కూడా దొరకలేదు. మహారాజు శవము పాతిపెట్టబడకుండా పోవుట అష్షూరీయులకు గొప్ప అపశకునము. ఆ వార్త పాకగానే సామ్రాజ్యములో అనేక చోట్ల తిరుగుబాట్లు లేచాయి. తండ్రి కట్టించిన దూర్-షర్రుకీను అనే క్రొత్త రాజధానిని సన్హెరీబు విడిచిపెట్టి నీనెవెను రాజధానిగా చేసుకున్నాడు. దాని చుట్టూ సుమారు 12 కిలోమీటర్ల ప్రాకారము కట్టించాడు. తన నగరును 'సాటిలేని నగరు' అని పిలుచుకున్నాడు.

అతని శాసనములు ఎనిమిది ముఖ్యమైన దండయాత్రలను వరుసగా లెక్కిస్తాయి. వాటిలో ఎక్కువ భాగము బబులోను చుట్టూ, దానికి సహాయముగా నిలిచిన ఏలాము చుట్టూ తిరిగాయి. మొదటి దండయాత్ర (క్రీ.పూ. 704–703) బబులోను సింహాసనమును ఆక్రమించిన మెరోదక్బలదాను మీద జరిగింది. ఇతడే హిజ్కియా దగ్గరకు దూతలను పంపినవాడు (2 రాజులు 20:12). ఆ రాయబారము పరామర్శ కొరకు మాత్రమే కాక, అష్షూరుకు విరోధముగా పొత్తు కుదుర్చుకొనుటకు కూడా వచ్చి ఉంటుందని చాలామంది పండితుల అభిప్రాయము. అందుచేత 20వ అధ్యాయము 19వ అధ్యాయము తరువాత ఉన్నప్పటికీ ఆ సంఘటన 701కి ముందే జరిగి ఉంటుంది. రెండవ దండయాత్ర (702) తూర్పున జాగ్రోసు పర్వతముల వైపు సాగింది. మూడవది పడమటికి, అనగా ఫెనీకే, ఫిలిష్తీయ, యూదా దేశముల మీదికి. బైబిలు చెప్పేది ఈ మూడవ దానిని గూర్చియే. మనకు ఇది ప్రధానమైన యుద్ధము. సన్హెరీబుకైతే ఇది ఎనిమిదింటిలో ఒకటి.

2. రాజు మాటను ఎంతవరకు నమ్మవచ్చు?

ఈ మూడవ దండయాత్ర వివరములు మట్టితో చేసి కాల్చిన ఆరు ముఖముల శాసనముల మీద ఉన్నాయి. వాటిలో ఒకటి 1830లో నీనెవెలో దొరికింది. ఇప్పుడు లండనులోని బ్రిటిష్ మ్యూజియములో ఉన్నది. ఇటువంటిదే మరొకటి చికాగోలో, ఇంకొకటి యెరూషలేములో ఉన్నాయి.

ఇవి రాజు తన దేవతల ఎదుట, తన తరువాతి రాజుల ఎదుట చేసుకున్న సొంత కీర్తన. వీటిలో రాజు ఓడినట్లు ఎక్కడా ఉండదు. ఒక ఉదాహరణ చూద్దాము. క్రీ.పూ. 691లో హలూలె అనే చోట ఏలాము, బబులోను సైన్యములతో జరిగిన యుద్ధములో తాను ఘనవిజయము పొందినట్లు సన్హెరీబు రక్తపాతమును వర్ణిస్తూ వ్రాయించాడు. అదే యుద్ధమును గూర్చి బబులోను రాజవృత్తాంతము మాత్రము అష్షూరీయులే వెనుకకు తగ్గారని చెబుతున్నది. కాబట్టి ఈ శాసనములను చదివేటప్పుడు అవి చెప్పిన దానితోపాటు చెప్పకుండా విడిచిన దానిని కూడా గమనించాలి.

3. క్రీ.పూ. 701 – మూడవ దండయాత్ర

శాసనముల ప్రకారము సన్హెరీబు మొదట సముద్రతీరము వెంట దిగివచ్చాడు. సీదోను రాజైన లూలీ సముద్రము మీదుగా కుప్రకు పారిపోయాడు. అతని స్థానములో ఎత్బయలును రాజుగా నియమించాడు. చుట్టుపక్కల రాజులు కప్పముతో వచ్చి పాదములకు నమస్కరించారు. అష్కెలోను రాజు లొంగనందున అతనిని కుటుంబముతో సహా చెరపట్టుకొని పోయాడు.

ఎక్రోను సంగతి ప్రత్యేకమైనది. అక్కడి ప్రధానులు అష్షూరుకు నమ్మకముగా ఉన్న తమ రాజు పాదీని సంకెళ్లతో హిజ్కియాకు అప్పగించారు. హిజ్కియా అతనిని యెరూషలేములో బంధించి ఉంచాడు. అంటే హిజ్కియా కేవలము కప్పము ఆపినవాడు మాత్రమే కాదు, ఆ ప్రాంతములో తిరుగుబాటుకు ముందు నిలిచినవారిలో ఒకడని తెలుస్తున్నది. ఎల్తెకే దగ్గర ఐగుప్తు, కూషు సైన్యములను ఓడించానని సన్హెరీబు వ్రాయించాడు. తరువాత ఎక్రోనును పట్టుకొని, ఆ ప్రధానులను చంపించి, వారి శవములను పట్టణము చుట్టూ వ్రేలాడదీయించాడు.

పిమ్మట యూదా వంతు వచ్చింది. ప్రాకారములు గల 46 పట్టణములను, వాటి చుట్టూ ఉన్న లెక్కలేని పల్లెలను పట్టుకున్నానని, 2,00,150 మందిని పశువులతో సహా బయటికి తెచ్చి కొల్లసొమ్ముగా లెక్కించానని శాసనము చెబుతున్నది. ఈ సంఖ్య అతిశయోక్తి అని చాలామంది పండితులు భావిస్తారు. దానిలో పదవ వంతే నిజమైనా, కొండసీమలో పల్లెటూళ్లతో నిండిన ఒక చిన్న దేశమునకు అది భరించలేని దెబ్బ. తీసుకున్న పట్టణములను అష్డోదు, ఎక్రోను, గాజా రాజులకు పంచిపెట్టాడు.

హిజ్కియాను మాత్రము పంజరములోని పక్షివలె యెరూషలేములో బంధించానని చెప్పుకున్నాడు. ఆ తరువాత పట్టణమును పట్టుకున్నట్లు గాని, రాజును శిక్షించినట్లు గాని ఒక్క మాట లేదు. ఎదిరించిన రాజును సింహాసనము మీదనే విడిచి వెళ్లుట అష్షూరు రాజుల పద్ధతి కాదు. శాసనము మౌనముగా ఉన్న ఈ చోటనే లేఖనము దేవుని కార్యమును గూర్చి మాట్లాడుతున్నది.

4. లాకీషు

లాకీషు పేరు ఈ శాసనములలో లేదు. కాని నీనెవె నగరులో ఒక గది గోడలన్నిటికీ లాకీషు ముట్టడి చిత్రమే చెక్కబడి ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దము మధ్యలో ఆస్టెన్ హెన్రీ లేయార్డు ఈ రాతి పలకలను త్రవ్వి తీశాడు. ఇవి కూడా ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియములోనే ఉన్నాయి. యెరూషలేమును పట్టుకోలేని రాజు తన నగరులో లాకీషును ఇంత గొప్పగా చూపించుకున్నాడు.

కుందుర్పి కొండమీది కోటను చూచినవారికి ఇటువంటి దుర్గమును పట్టుకొనుట ఎంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు. లాకీషు కూడా మెట్టమీది కోటయే. అష్షూరీయులు రాళ్లు మోయించి, నైరుతి దిక్కున కోటగోడ వరకు వాలుగా పెద్ద కట్ట పోయించారు. ఆ కట్టమీదుగా గోడలు పగులగొట్టు యంత్రములను నడిపించారు. పైనుండి యూదావారు మండుచున్న దివిటీలు విసురుతుంటే, యంత్రములకు మంట అంటకుండా సైనికులు పొడవాటి గరిటెలతో నీళ్లు పోయుట చిత్రములో కనబడుతుంది. 1930లలో జేమ్స్ స్టార్కీ, 1973 నుండి డేవిడ్ ఉస్సిష్కిన్ అక్కడ త్రవ్వకములు జరిపారు. రాళ్ల కట్ట, దానికి ఎదురుగా లోపల యూదావారు తొందరతొందరగా పోసుకున్న మరొక కట్ట, వందలకొలది బాణపు మొనలు, ఒడిసెల రాళ్లు బయటపడ్డాయి. సమీపములోని గుహలలో సుమారు 1,500 మంది ఎముకలు దొరికాయి. అవి ఈ ముట్టడిలో చనిపోయినవారివే అని అనేకుల అభిప్రాయము.

చిత్రము చివరి భాగములో సన్హెరీబు సింహాసనము మీద కూర్చుండగా లాకీషు కొల్లసొమ్ము అతని ముందు సాగిపోతూ ఉంటుంది. కొందరిని కొయ్యలకు గ్రుచ్చారు. కొందరి చర్మము ఒలుస్తున్నారు. మిగిలినవారు కుటుంబములతో నడిచిపోతున్నారు. ఎద్దుల బండి మీద మూటలు, ఆ మూటల మీద పిల్లలు, స్త్రీలు కూర్చున్నారు. కరవు సంవత్సరములలో ఇల్లు తాళము వేసి పిల్లలతో మూటలతో బెంగుళూరు బస్సు ఎక్కే కుటుంబములను మేము చూచాము. వారు చెరపట్టబడినవారు కారు, పండుగకు తిరిగి వస్తారు. లాకీషు బండి మీది పిల్లలు తిరిగి రాలేదు. ఆ తేడాను మరువకుండానే, ఆ రాతి చిత్రమును చూచినప్పుడు మూట మీద కూర్చున్న బిడ్డ ముఖము మనకు క్రొత్తది కాదని చెప్పాలి.

5. కప్పము – రబ్షాకే ప్రసంగము

సన్హెరీబు లాకీషు దగ్గర ఉండగానే హిజ్కియా తప్పు ఒప్పుకొని కబురు పంపాడని 2 రాజులు 18:14–16 చెబుతున్నది. మన తెలుగు బైబిలులో 600 మణుగుల వెండి, 60 మణుగుల బంగారము అని ఉన్నది. హీబ్రూ మూలములో ఇవి 300 తలాంతులు, 30 తలాంతులు. తలాంతును రెండేసి మణుగులుగా లెక్కించినందున ఈ భేదము వచ్చింది. అష్షూరు శాసనములో బంగారము సరిగ్గా 30 తలాంతులే. వెండి మాత్రము 800 తలాంతులని ఉన్నది. పరస్పరము విరోధులైన ఇద్దరి లెక్కలు బంగారము విషయములో ఇలా కలియుట గమనార్హము.

ఈ మూడు వచనములు యెషయా 36లో లేవు. రెండవ దినవృత్తాంతములు 32లోను లేవు. రాజుల గ్రంథకర్త మాత్రము హిజ్కియా దేవాలయపు తలుపుల బంగారమును ఒలిచి ఇచ్చిన సంగతిని దాచలేదు. మనము కూడా ప్రసంగములో దానిని దాచకూడదు. విశ్వాసవీరుడు మొదట భయపడి డబ్బు కట్టాడు. డబ్బు తీసుకొని కూడా శత్రువు పోలేదు. ఆ తరువాతనే ప్రార్థన.

కప్పము తరువాత మరల ముట్టడి ఎందుకు, అప్పటికి ఇంకా రాజు కాని తిర్హాకా (అతడు క్రీ.పూ. 690లో రాజయ్యాడు) 19:9లో ఎలా వచ్చాడు అనే ప్రశ్నలనుబట్టి, కొందరు పండితులు సన్హెరీబు రెండుసార్లు వచ్చాడని ప్రతిపాదించారు. కాని రెండవ రాక అతని శాసనములలో కనబడదు. గ్రంథము వ్రాయబడిన నాటికి తిర్హాకాకు ఉన్న బిరుదును గ్రంథకర్త వాడి ఉంటాడని, ఒక్కసారియే వచ్చాడని చెప్పుట మాకు సబబుగా తోస్తున్నది.

రబ్షాకే నిలబడిన స్థలమును గమనించండి. చాకిరేవు మార్గమందున్న మెరక కొలను కాలువ దగ్గర, అనగా పట్టణపు నీటి దగ్గర అతడు నిలిచాడు. అధికారులు సిరియా భాషలో మాట్లాడమని బ్రతిమాలితే, గోడమీది సామాన్యులకు అర్థమగునట్లు యూదుల భాషలోనే కేక వేశాడు. తెలుగు, కన్నడము రెండూ వినబడే సరిహద్దు ఊళ్లలో ఉన్న మనకు దీని బలము తెలుసు. పరాయి అధికారి మన భాషలో బెదిరిస్తే ఆ బెదిరింపు ఇంటిలోనికే వస్తుంది. అతడు ఆశ కూడా చూపించాడు. లొంగితే ప్రతివాడు తన బావి నీళ్లు తానే త్రాగవచ్చునన్నాడు (18:31). దప్పితో ఉన్న జనమునకు ఇంతకన్న పెద్ద ఎర లేదు. అయితే తరువాతి వచనములోనే వేరే దేశమునకు తీసికొనిపోతానని కూడా చెప్పాడు.

6. సన్హెరీబు నీళ్లు, హిజ్కియా నీళ్లు

నీళ్ల విలువ సన్హెరీబుకు బాగా తెలుసు. నీనెవె తోటలకు, పొలములకు నీరు తెచ్చుటకు అతడు కొండల నుండి 18 కాలువలు త్రవ్వించినట్లు బావియాను దగ్గర కొండరాతి మీద చెక్కించాడు. ఆ కాలువలలో ఒకటి జెర్వాను దగ్గర ఒక లోయను దాటవలసి వచ్చింది. అక్కడ 280 మీటర్ల పొడవున, ఇరవై లక్షలకు పైగా రాళ్లతో నీటి వంతెన కట్టించాడు. దేశములోనే అతి తక్కువ వాన పడే జిల్లాలలో ఒకటైన అనంతపురములో, చెరువు నిండుట కొరకు ఏండ్ల తరబడి ఎదురుచూచే మనము ఆ పనితనమును మెచ్చుకొనకుండా ఉండలేము.

అయితే అదే బావియాను శాసనములో మరొక సంగతి కూడా ఉన్నది. క్రీ.పూ. 694లో ఏలామీయులు సన్హెరీబు కుమారుడును బబులోను రాజునైన అష్షూరు-నాదిను-షుమిని పట్టుకొనిపోయారు. అతడు మరల కనబడలేదు. క్రీ.పూ. 689లో బబులోను పట్టణము సన్హెరీబు చేతికి చిక్కింది. ఇండ్లను, గుడులను కూల్చి, పట్టణము నడుమ కాలువలు త్రవ్వించి, ఆ స్థలము గుర్తుపట్టరాకుండునట్లు నీటిలో ముంచానని అతడు చెప్పుకున్నాడు. నీనెవెకు నీళ్లు ఇచ్చిన చేయియే బబులోనును నీళ్లతో తుడిచివేసింది. ఒకే రాతి మీద ఈ రెండింటిని అతడు తన ఘనతగానే వ్రాయించాడు.

యెరూషలేములో హిజ్కియా గీహోను నీటిని కొండ లోపల నుండి పట్టణములోనికి మళ్లించాడు (2 రాజులు 20:20, 2 దినవృత్తాంతములు 32:30). సుమారు 533 మీటర్ల ఆ సొరంగము అతనిదే అని చాలామంది పండితులు అంగీకరిస్తారు. 1880లో దాని గోడమీద ఒక శాసనము దొరికింది. అందులో రాజు పేరే లేదు. రెండు వైపుల నుండి త్రవ్వుతూ వచ్చిన కూలివారు ఒకరి గొంతు ఒకరు విని, సమ్మెట సమ్మెటకు ఎదురై కలిసిన సంగతి మాత్రమే ఉన్నది. సన్హెరీబు శాసనములలో ప్రతి వాక్యము 'నేను' అనే చెబుతుంది. అయినా హిజ్కియాను మనము మితిమీరి పొగడనక్కరలేదు. ఆ రోజులలో నీళ్లు పోగుచేసి, గోడ కొరకు ఇండ్లు పడగొట్టి, వీటిని కలుగజేసిన దేవునివైపు చూడలేదని యెషయా గద్దించాడు (22:9–11).

7. అంతము

2 రాజులు 19:36–37 వచనములను వెంటవెంటనే చదివి, సన్హెరీబు ఇంటికి వెళ్లగానే చంపబడ్డాడని మనము ప్రసంగిస్తూ ఉంటాము. నిజమునకు ఆ రెండు వచనముల మధ్య 20 సంవత్సరములు ఉన్నాయి. అతడు చనిపోయినది క్రీ.పూ. 681లో. తిరుగుబాటులో అతని కుమారుడే అతనిని చంపాడని బబులోను రాజవృత్తాంతము కూడా చెబుతున్నది. బైబిలులోని అద్రమ్మెలెకు, అష్షూరు పత్రములలోని అర్ద-ముల్లిస్సు అనే కుమారుడేనని 1980లో సీమో పార్పొలా అనే పండితుడు ఆధారములతో చూపించాడు. ఎసర్హద్దోను రాజయ్యాడు.

ఆ ఇరవై సంవత్సరములు యూదా స్వతంత్రముగా లేదు. హిజ్కియా కుమారుడైన మనష్షే ఎసర్హద్దోనుకు లోబడిన రాజుల జాబితాలో ఉన్నాడు. యెరూషలేము మిగిలింది గాని కాడి తొలగలేదు. నీనెవె క్రీ.పూ. 612లో మాదీయుల, బబులోనీయుల చేతిలో పడిపోయింది. లాకీషు చిత్రములో సింహాసనము మీద కూర్చున్న రాజు ముఖమును ఎవరో చెక్కివేశారు. అది బహుశా ఆ సంవత్సరమే జరిగి ఉంటుంది.

ముగింపు

ఇప్పుడు ఆ పెద్దామె ప్రశ్నకు వద్దాము. ఆమెకు ఇయ్యవలసిన జవాబు లేఖనములో మూడు చోట్ల ఉన్నదని మాకు తోస్తున్నది.

మొదటిది మీకా గ్రంథము మొదటి అధ్యాయము. మీకా మోరెషెతు ఊరివాడు. అది లాకీషు ఉన్న పల్లపు సీమలోనిదే. అతడు తన ప్రాంతపు ఊళ్ల పేర్లను ఒక్కొక్కటిగా ఎత్తి ఏడ్చాడు. లాకీషు కూడా అందులో ఉన్నది (1:13). ఈ మాటలు 701 నాటివా, అంతకు ముందువా అనే చర్చ ఉన్నప్పటికీ, సన్హెరీబు సంఖ్యగా లెక్కించిన ఊళ్లను ప్రవక్త పేరుపేరున పిలిచాడు. ఆ ఊళ్ల పాపమును కూడా అతడు దాచలేదు. అయినా పరాయివానివలె కాక సొంత మనిషివలె ప్రలాపించాడు.

రెండవది యెషయా 1:7–9. దేశము పాడై, పట్టణములు కాలిపోయి, సీయోను దోసపాదులలోని పాకవలె ఒంటరిగా మిగిలిందని అతడు చెబుతున్నాడు. పంట ఎండిపోయిన వేరుశనగ చేనిలో ఒంటరిగా నిలిచిన కావలి గుడిసెను చూచినవారికి ఈ పోలిక అర్థమవుతుంది. గుడిసె మిగలడము నిజమైన కృపయే. అయితే దాని చుట్టూ చేను లేదు. యెరూషలేము విడుదలను యెషయా విజయోత్సవముగా కాక, శేషము మిగిలినందుకు వణకుచున్న కృతజ్ఞతగా చూచాడు.

మూడవది 2 రాజులు 19:29. దేవుడు హిజ్కియాకు ఇచ్చిన సూచన రైతులకు సంబంధించినది. ఈ సంవత్సరము దానంతట అది మొలిచినది తినాలి, రెండవ సంవత్సరము దానినుండి మొలిచినది తినాలి, మూడవ సంవత్సరము విత్తి కోయాలి. శత్రువు ఒక్క రాత్రిలో పోయాడు గాని పొలము తేరుకొనుటకు మూడవ సంవత్సరము వరకు ఆగవలసి వచ్చింది. దేవుడు ఆ రెండు పంటల నష్టమును లేనట్టు మాట్లాడలేదు. లెక్కించి, ఆ మధ్యకాలములో ఏమి తినాలో కూడా చెప్పాడు.

తోటి సేవకులకు మా మనవి ఇది. రెండవ రాజులు 19ని ప్రసంగించేటప్పుడు 18:13ని దాటి వెళ్లవద్దు. మన సంఘములలో బోరు పడినవారు, పడనివారు ఒకే బల్ల మీద కూర్చుని ఉంటారు. స్వస్థత పొందినవారి ప్రక్కనే బిడ్డను మట్టిచేసినవారు ఉంటారు. యెరూషలేము సాక్ష్యము చెప్పిన నోటనే లాకీషు పేరు కూడా పలకండి. లాకీషువారికి ఎందుకు విడుదల రాలేదో లేఖనము చెప్పలేదు. మనమూ కారణము కల్పించి చెప్పకూడదు. వారి ప్రార్థనలో విశ్వాసము తక్కువని చెప్పుటకు మనకు అధికారము లేదు. మీకావలె పేరుపేరున వారిని తలంచి దుఃఖపడుటకు, మూడవ సంవత్సరపు విత్తనము కొరకు వారితో కలిసి ఎదురుచూచుటకు మాత్రము మనకు ఆజ్ఞ ఉన్నది.

ఆ పెద్దామెకు ఈ మాటలు చెప్పుటకు మేము తిరిగి వెళ్లేసరికి ఆమె తన కుమార్తెతో కలిసి బెంగుళూరుకు పనికి వెళ్లిపోయింది. అందుచేత ఈ జవాబును ఇక్కడ వ్రాస్తున్నాము.